కాలి ధమనులనూ గ్రాఫ్ట్‌లనూ (రక్తాన్ని మళ్లించడానికి ఆపరేషన్‌లో అమర్చిన నాళాలనూ) పరీక్షించే విధానం

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లనూ గజ్జల నుంచి వేళ్ల దాకా బట్ట అడ్డు లేకుండా చూడాలి. నాడి పట్టుకోవాలన్న తొందరలో చాలామంది ఈ పని వదిలేస్తారు. వేళ్ల సందుల్లోని పుండు, మడమ వెనుక నల్లబడిన చర్మం కంటికే దొరుకుతాయి.

తొడ ధమని నాడి, తుంటి ఎముక ముందు మొనకూ జఘనాస్థుల కలయికకూ (పొత్తికడుపు అడుగున మధ్యలో తగిలే ఎముకకూ) నడుమ, గజ్జ మడత దగ్గర తగులుతుంది. మోకాలి వెనుక నాడి లోతుగా ఉంటుంది కాబట్టి, మోకాలిని కొద్దిగా వంచి, బొటనవేళ్లను ముందువైపు ఆనించి, మిగతా వేళ్లతో వెనుక గుంటలో ఎముకకేసి నొక్కాలి; అది మరీ సులువుగా, వెడల్పుగా కొట్టుకుంటుంటే సంతోషించకుండా అన్యూరిజం (ధమని గోడ ఉబ్బు) ఉందేమోనని అనుమానించాలి. మరో నాడి లోపలి చీలమండ వెనుక ఉంటుంది. పాదం పైన, బొటనవేలిని ఎత్తే టెండాన్‌కు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కట్టుకు) వెలుపలి పక్కన ఉండే నాడి కొందరు ఆరోగ్యవంతుల్లోనూ తగలదు. తగిలింది మీ వేలికొస నాడేనేమోనన్న సందేహం వస్తే, మీ మణికట్టు నాడితో పోల్చుకోండి.

కాళ్లను 45 డిగ్రీల మేర ఎత్తి పట్టుకుంటే పాదం పాలిపోయి, కిందికి వేలాడదీశాక ముదురు ఎరుపుకు తిరిగితే రక్తప్రసరణ బాగా తగ్గిందని అర్థం. చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించగా 0.9 కంటే తక్కువ వస్తే ధమని వ్యాధిగా భావించాలి. మధుమేహులలో ధమని గోడలు గట్టిపడి ఈ అంకె మోసగించవచ్చు.

తొడ లోపలివైపు పొడవాటి మచ్చ కనిపిస్తే, అది కాలి బైపాస్‌దా (మూసుకుపోయిన ధమనిని తప్పించి రక్తానికి వేరే దారి వేసే ఆపరేషన్‌దా), గుండె ఆపరేషన్‌కు సిర తీసినదా అని అడగండి. ఛాతీపై మచ్చ ఉందో లేదో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. చంక నుంచి గజ్జకు వేసిన కృత్రిమ గ్రాఫ్ట్ పక్కటెముకల మీదుగా చర్మం కింద గొట్టంలా చేతికి తగులుతుంది.

కాలు హఠాత్తుగా నొప్పెట్టి, చల్లబడి, నాడి అందకపోతే పరీక్షను సాగదీయకుండా వెంటనే సర్జన్‌ను పిలవాలి.