పాత డైనింగ్ టేబుల్‌ను మళ్ళీ వాడుకలోకి తెచ్చుకోవడం ఎలా

పాత చెక్క బల్లను బాగుచేద్దామని పూనుకున్నవారిలో చాలామంది ముందుగా చేతిలోకి తీసుకునేది శాండ్‌పేపర్. నిజానికి దాని వంతు చాలా తర్వాత వస్తుంది. బల్ల మీద కనిపిస్తున్న లోపం పైనున్న పాలిష్ పొరలో ఉందా, ఆ పొర కింద చెక్కలో ఉందా, లేక కాళ్ళను చట్రంతో కలిపే అతుకుల్లో ఉందా అన్నది తేల్చుకోకుండా రుద్దడం మొదలుపెడితే, పోవలసినది పోకపోగా ఉండవలసినది అరిగిపోతుంది. పాలిష్‌ను ఎన్నిసార్లయినా మళ్ళీ వేసుకోవచ్చు గాని, రాలిపోయిన చెక్కపొడిని తిరిగి పలకకు అతికించలేము.

అందుకే తొలి పని కేవలం శుభ్రం చేయడం. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కొద్దిగా కలిపి, గుడ్డను గట్టిగా పిండి, బల్లనంతా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా చేయాలి. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డూ మైనమూ వదిలాక చూస్తే, పాలిష్ పాడైందనుకున్న బల్ల కేవలం మురికిపట్టి ఉందని తేలడం అరుదేమీ కాదు. అలాంటిదానికి పలుచగా మైనం పట్టించి మెత్తని గుడ్డతో మెరుగుపెడితే సరిపోతుంది. బాగా పాతకాలపు పనితనం ఉన్న బల్ల అయితే అసలు పాలిష్ తీసేయడం వల్ల దాని విలువ తగ్గే అవకాశం ఉంది కనుక, అనుభవం ఉన్నవారికి చూపించిన తర్వాతే దాని మీద చేయి వేయడం మంచిది.

తర్వాత చూడవలసినది పలక అంచు. బల్ల నిండు చెక్కతో చేసినదైతే పైన కనిపించే రేఖలు అంచు దాటి కిందికి దిగుతాయి, అడ్డుకోత ఉన్న చివర చెట్టు వలయాల ముక్కలు కనిపిస్తాయి, అడుగున కూడా అదే కలప ఉంటుంది. పైన ఒక కలప, అడుగున మరొక కలప కనిపించి, అంచు వెంట సన్నని గీత ఉంటే అది వెనీర్, అంటే పలుచని చెక్క పొర, అతికించిన పలక. ఈ కాలపు వెనీర్ చాలావరకు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో నేను ఒక వెనీర్ బల్ల మూలను యంత్రంతో రుద్దుతున్నప్పుడు, అరచేతి వెడల్పు మేర రంగు ఉన్నట్టుండి పాలిపోయి, అడ్డంగా పరుగెత్తే వేరే నార (చెక్కలోని పోగుల వరుస) బయటపడింది. ఆ మూలకు చేయగలిగింది ఇంకేమీ లేక పలక మొత్తానికీ రంగు వేయవలసి వచ్చింది. అందువల్ల వెనీర్‌ను చేతితోనే, సన్నని రేణువుల శాండ్‌పేపర్‌తోనే, అంచుల దగ్గర మరీ తేలికగా రుద్దాలి. ఇక చెక్కలా కనిపించే అచ్చువేసిన లామినేట్ అయితే కింద చెక్క అందం ఏదీ దాగి ఉండదు; దానికి పట్టు ఇచ్చే ప్రైమర్, ఆపైన పెయింట్ తప్ప మరో దారి లేదు.

ఉన్న పాలిష్ ఏమిటో తెలుసుకోవడానికి కంటికి ఆనని చోట, అంటే చట్రం లోపలివైపునో కాలి వెనుకనో, చిన్న పరీక్ష చాలు. దూదిని స్పిరిట్‌లో ముంచి అద్దినప్పుడు పూత జిగటగా మారితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగక, లాకర్‌ను పలుచన చేసే లాకర్ థిన్నర్‌కు మెత్తబడితే అది త్వరగా ఆరే లాకర్ పూత. రెండింటికీ కరగకపోతే వార్నిష్ గాని, ప్లాస్టిక్‌లాంటి గట్టి పూత అయిన పాలియురెథేన్ గాని అయి ఉంటుంది. నీటిచుక్క వేయగానే చెక్క పీల్చుకుంటే, దాని మీద నూనె పూత తప్ప గట్టి పొర ఏదీ మిగలలేదని అర్థం. లక్కకూ లాకర్‌కూ ఒక సుగుణం ఉంది: పాత పొరను పూర్తిగా తీయకుండానే దాని ద్రావకాన్నే కుంచెతో పలుచగా పూసి, పగుళ్ళను కరిగించి సర్దుకోనివ్వవచ్చు. పాత పెయింట్ ఉన్న బల్ల సంగతి వేరు. పాతకాలపు పెయింట్లలో సీసం కలిసి ఉండేది కాబట్టి, సీసం లేదని పరీక్షించి తెలుసుకునేవరకు దాన్ని పొడిగా రుద్దకూడదు. ఆ ధూళి పిల్లలకు మరీ ప్రమాదకరం.

మరకలు తమ రంగుతోనే తామెక్కడున్నాయో చెబుతాయి. వేడి గిన్నె, చల్లని గ్లాసు వదిలివెళ్ళే తెల్లని వలయం చాలావరకు పాలిష్ పొరలో చిక్కుకున్న తేమ వల్ల ఏర్పడుతుంది. దాని మీద పొడి నూలుగుడ్డ పరచి, తక్కువ వేడి మీద ఇస్త్రీపెట్టెను కొద్ది సెకన్ల చొప్పున ఆనించి తీస్తూ ఉంటే తరచు పోతుంది, చెక్కను ముట్టుకోనక్కరలేదు. నల్లని మరక అలా కాదు. నీరు పాలిష్‌ను దాటి లోపలికి దిగి, ఇనుము తగిలినచోట కలపలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి ఆ నలుపు పుడుతుంది, అది ఎంత లోతుకు దిగిందో రుద్దితే గాని తెలియదు, తెలిసేసరికి గుంట పడుతుంది. దీనికి సరైన మందు ఆక్సాలిక్ ఆమ్లం. పాలిష్ తీసేశాక, వేడినీటిలో కరిగించిన ఆ ద్రావణాన్ని మరక మీద మాత్రమే కాకుండా పలకంతటా సమంగా పూయాలి, లేకపోతే మరక ఉన్నచోట తెల్లమచ్చ మిగులుతుంది. నలుపు విరిగాక మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇది విషపదార్థం, చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి, కడగకుండా ఆరిన పొడిని రుద్ది గాలిలోకి లేపకూడదు.

పాలిష్ కంటే ముందు బల్ల నిలకడ చూడాలి. దుప్పటి పరచి బల్లను తలకిందులుగా పెట్టి, ఒక్కొక్క కాలినీ పట్టుకుని ఊపితే ఏ కూసం (రంధ్రంలో దిగే చెక్క నాలుక) వదులైందో చేతికే తెలుస్తుంది. వదులైన అతుకులోకి పైనుంచి జిగురు కారబోసి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. పాత జిగురు మీద కొత్త జిగురు సరిగా పట్టదు. అతుకును విప్పి, కూసం మీదా రంధ్రం లోపలా ఉన్న పాత జిగురును గీకి తీయాలి. జంతువుల తోలు, ఎముకలతో చేసిన పాతకాలపు జిగురైతే వేడికీ తడికీ మెత్తబడుతుంది. టేకువంటి జిడ్డు కలపైతే అతికించేముందు ఆ భాగాన్ని అసిటోన్‌తో తుడవాలి. తెల్ల జిగురు రాసి, క్లాంపులు బిగించి, చట్రం మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూసి, 24 గంటలు కదపకుండా వదిలేయాలి. పలకను మాత్రం చట్రానికి ఎప్పుడూ జిగురుతో అతికించకూడదు. కలప గాలిలోని తేమను బట్టి నారకు అడ్డంగా ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది. మీటరు వెడల్పున్న పలక ఋతువు మారేసరికి కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది. దాన్ని కదలనివ్వకపోతే అది చీలుతుంది. మరను పొడవాటి గాడిలో బిగించినా, చట్రంలోని గాడిలో జారే చెక్క బిళ్ళలతో పట్టి ఉంచినా పలకకు ఆ స్వేచ్ఛ దొరుకుతుంది.

ఈ బల్ల మళ్ళీ భోజనాల బల్లగానే ఉండాలా అన్నది నిర్ణయించుకోవడానికి అతుకులు విప్పి ఉన్న ఈ సమయమే తగినది. కాళ్ళ అడుగులు పుచ్చిపోయి పైభాగం గట్టిగా ఉంటే, సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తును 40 నుంచి 45కు తగ్గించి సోఫా ముందు వేసుకునే బల్ల చేసుకోవచ్చు. పలక నడుమ పగిలి కాళ్ళు బాగుంటే, పొడవునా రెండుగా కోసి గోడకు బిగించే రెండు సన్నని బల్లలు చేయవచ్చు. పలక ఒక్కటే మిగిలితే అది మంచం తలాపుకో అరలకో పనికివస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చేది చట్రానికీ కాళ్ళకూ పెయింట్ వేసి, పైపలకను చెక్క రంగులోనే ఉంచడం. గుజ్జుతో పూడ్చిన పాత దెబ్బలు పెయింట్ కింద దాగిపోతాయి, కంటికి ఎదురుగా మాత్రం కలపే ఉంటుంది.

పాత పాలిష్ తీయడానికి జెల్ రూపంలో ఉండే స్ట్రిప్పర్ మంచిది. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకాన్ని తీసుకోకండి. మూసి ఉన్న గదుల్లో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయారు. జెల్‌ను మందంగా పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, మూలలు గుండ్రం చేసిన ప్లాస్టిక్ గీకుడు పలకతో నార వెంటే తీయాలి. నగిషీల మధ్య పాత టూత్‌బ్రష్, ముడివేసిన తాడు ఉపయోగపడతాయి.

ఇప్పుడు చెక్క బయటపడింది కనుక నొక్కుళ్ళ సంగతి చూడవచ్చు. బరువైనది పడి లోపలికి దిగిన గుంటలో చెక్క పోలేదు, నార అణిగిపోయింది అంతే. ఆ గుంటలో నాలుగు చుక్కల నీళ్ళు వేసి, ఒక నిమిషం నాననిచ్చి, తడిగుడ్డ మడిచి పెట్టి వేడి ఇస్త్రీపెట్టె కొసను దాని మీద ఆనిస్తే చుయ్యిమని ఆవిరి లేస్తుంది. గుడ్డ తీసి వేలితో తడిమి చూడండి: గుంట అంచు కొంచెం పైకి వచ్చి ఉంటుంది. మూడు నాలుగుసార్లకు చాలా నొక్కుళ్ళు దాదాపు చదునవుతాయి. నార తెగిపోయిన కోతకు మాత్రం ఇది పనిచేయదు, దాన్ని పూడ్చవలసిందే. వెనీర్ మీద ఇలా చేస్తే కింది జిగురు వదిలే ప్రమాదం ఉంది.

రుద్దడానికి ముందు పలకంతటా పెన్సిలుతో తేలికగా అడ్డదిడ్డంగా గీతలు గీయండి. గీతలన్నీ చెరిగినప్పుడే ఆ చుట్టు పూర్తయినట్టు. శాండ్‌పేపర్ నంబరు పెరిగేకొద్దీ దాని రేణువులు సన్నబడతాయి; నిండు చెక్క పలకకు 120 నంబరుతో మొదలుపెట్టి 150, 180 మీదుగా పోవాలి. 80 నంబరును లోతైన గీతలుంటే తప్ప వాడకూడదు. చేతితో రుద్దేటప్పుడు ఎప్పుడూ నార వెంటే, కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టి రుద్దాలి, లేకపోతే వేళ్ళ అచ్చున పల్లాలు పడతాయి. ముందు కాగితం మిగిల్చిన గీతలు పోకుండా తర్వాతి నంబరుకు దాటితే ఆ గీతలు రంగు వేశాక గాని కనిపించవు. గదిలో దీపం ఆర్పి, టార్చిని పలకకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే అవి ముందే బయటపడతాయి. అతుకుల్లోంచి బయటికి వచ్చిన జిగురు ఎక్కడైనా ఆరిపోయి ఉంటే అదీ కనిపిస్తుంది. ఆ జిగురును వదిలేస్తే అక్కడ రంగు పట్టక పాలిపోయిన మచ్చ ఉండిపోతుంది.

కలప రంగు సహజంగానే బాగుంటే స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) అవసరం లేదు. వేయదలిస్తే బల్ల అడుగున ప్రయత్నించి చూసి, పూసిన కొద్ది నిమిషాల్లో మిగులును తుడిచేయాలి. పూత విషయంలో నా అభిప్రాయం స్పష్టం: రోజూ భోజనం చేసే బల్లకు లక్క పాలిష్ సరిపోదు, వేడికీ ఆల్కహాలుకూ అది తట్టుకోలేదు. పాలియురెథేన్ మూడు పలుచని పూతలు మన్నికగా ఉంటాయి. ఒక్కొక్క పూతా ఆరాక 320 నంబరుతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి తర్వాతిది వేయాలి. గీత పడితే ఆ ఒక్కచోటే సరిచేసుకోవాలనుకునేవారికి నూనె, మైనం కలిసిన హార్డ్‌వాక్స్ ఆయిల్ మేలు, అయితే దానికి అప్పుడప్పుడూ మళ్ళీ పూత కావాలి. టేకు, రోజ్‌వుడ్ మీద నూనె ఆధారిత పూత ఆరడానికి మొరాయించవచ్చు. కింద మైనం తీసిన లక్కను ఒక పూత వేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి చెత్తబుట్టలో వేయవద్దు. అవిసె నూనెవంటివి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి, ఆ వేడి ముద్దలో బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి బిరుసెక్కేవరకు ఆరనివ్వాలి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టాలి.

చేతికి అంటకపోయినంత మాత్రాన పూత గట్టిపడినట్టు కాదు. నూనె ఆధారిత పాలియురెథేన్ పూర్తి బలం పుంజుకోవడానికి సుమారు 30 రోజులు పడుతుంది. మూడు రోజులయ్యాక తేలికైన పళ్ళాలు పెట్టుకోవచ్చు గాని, ఆ నెల గడిచేవరకు వేడి గిన్నెలను దించకుండా, ప్లాస్టిక్ షీటు పరచకుండా, తడి పడితే అప్పటికప్పుడే తుడుస్తూ ఉండాలి.