పండగ ముంగిట్లో ప్లాన్ తలకిందులైతే: సంక్రాంతి ఆపకుండా చేసుకోవడం ఎలా

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నేను ఆ ఇంటి పెద్ద కోడల్ని. ఏటా సంక్రాంతికి మరుదులు, ఆడపడుచులు, పిల్లలు అందరూ మా ఇంటికే వస్తారు. 2026లో భోగి జనవరి 14, పండగ 15, కనుమ 16. 12వ తేదీ పొద్దున్నే అత్తయ్యగారు పెరట్లో కుళాయి దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. కాకినాడ తీసుకెళ్తే మర్నాడే ఆపరేషన్ అన్నారు. అప్పటికి ఇంట్లో అరిసెలకి బియ్యం నానుతున్నాయి. చిన్న మరిది వాళ్ళ టికెట్లు వెయిటింగ్ లిస్టు దాటలేదు. అయినా పండగ చేసుకున్నాం, అత్తయ్యగారిని కలుపుకునే చేసుకున్నాం. మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క మనిషిని అడగండి

ప్రతి ఇంట్లోనూ పండగని నెత్తిన వేసుకునే మనిషి ఒకరుంటారు. అమ్మో, అత్తగారో, పెద్దన్నయ్యో. వాళ్ళు మంచం మీదున్నా సరే, మాట్లాడగలిగితే వాళ్ళనే అడగండి. "పండగ ఎలా చేద్దాం?" అని కాదు, "ఏది ఆగకూడదు?" అని. నేను ఆసుపత్రిలోనే అడిగాను. "పెద్దలకి పెట్టడం మానొద్దు. పిల్లకి భోగిపళ్ళు పొయ్యండి. మిగతావి మీ ఓపిక" అన్నారు. అంతే! పాతిక పనులు అనుకున్నవి రెండయ్యాయి. ఆ రెండూ చెయ్యడానికి మాకు మనుషులున్నారు. పెద్దవాళ్ళు మనం భయపడినంత పట్టింపుగా ఉండరు. అడక్కుండా మనమే అన్నీ మానేస్తే మాత్రం "నా వల్ల పండగ ఆగింది" అని వాళ్ళు కుమిలిపోతారు. దెబ్బ తగిలిన మనిషికి ఆ బెంగ కూడా ఎందుకు?

ఫోన్లు ఒక్కరే చెయ్యాలి

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "ఏం చేద్దాం?" అని పెట్టకండి. తలా ఒక మాట అంటారు, సాయంత్రానికి అలకలు మొదలవుతాయి. ఇద్దరు కూర్చుని తేల్చుకుని, ఒకరే అందరికీ ఫోన్ చెయ్యండి. "ఇలా అయింది, ఇలా చేస్తున్నాం, నువ్వు ఈ పని చూడు" అని మూడు ముక్కల్లో చెప్పండి. మూడో ముక్క చాలా ముఖ్యం. పని అప్పజెప్పినవాళ్ళు దూరంగా ఉన్నా పండగలో ఉన్నట్టే ఉంటారు. మా చిన్నాడపడుచుకి ఆసుపత్రి రాత్రి కాపలా, తోటికోడలికి వంటిల్లు, బెంగళూరులో ఉన్న మరిదికి మందుల బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు అప్పజెప్పాం.

బంధువులకే కాదు, గుమ్మంలోకి వచ్చేవాళ్ళకీ ఏర్పాటు చెయ్యండి. ధనుర్మాసమంతా మా వీధికి వచ్చే హరిదాసుకి పండగనాడు బియ్యం, పంచె, దక్షిణ ఇస్తారు అత్తయ్యగారు. ఆయన వచ్చే వేళకి ఇంటికి తాళం ఉంటే వట్టి అక్షయపాత్రతో వెనక్కి తిరగాలి. మేం అవన్నీ ఒక సంచిలో సర్ది పక్కింటి పిన్నిగారికి ఇచ్చాం. గంగిరెద్దులవాళ్ళకి పాతచీర, చిల్లర కూడా అందులోనే. పది నిమిషాల పని, కానీ ఇల్లు పండగ మానలేదని వీధికి తెలిసేది దీంతోనే.

ప్రయాణాల సంగతి క్లుప్తంగా చెప్తాను. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పండగవి నిమిషాల్లో అయిపోతాయి. ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్లో అందరిదీ వెయిటింగే అయితే చార్టు పడ్డాక అదే రద్దయి డబ్బు ఖాతాలో పడుతుంది. బెర్తు లేకుండా రిజర్వేషన్ బోగీ ఎక్కొద్దు. తత్కాల్ ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు. హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవాళ్ళు భోగికి ముందు రెండు రోజులూ చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటుని తలుచుకుని బయల్దేరండి. అర్ధరాత్రి దాటాకో, ఏకంగా భోగి మధ్యాహ్నమో రావడం మేలు. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి తిరుగు ప్రయాణం ముక్కనుమ దాటాకే పెట్టుకోండి.

సగంలో ఆగిన వంట

నానిన బియ్యాన్ని చూసి దిగులు పడకండి. ఇంకా మర పట్టించకపోతే పూటకోసారి నీళ్ళు మార్చండి, మరో రోజు ఆగుతాయి. అంతకు మించితే వాసనొస్తాయి. అరిసెల పాకం పట్టే చెయ్యి ఇంట్లో లేకపోతే ఆ బియ్యాన్ని వడగట్టి, పంచె మీద పరిచి, ఫ్యాను కింద గలగలలాడేలా ఆరబెట్టి పిండి పట్టించండి. జంతికలకి అంతకంటే మంచి పిండి ఉండదు. తడిపిండి అప్పటికే పట్టించేసి ఉంటే అది నిలవుండదు, ఆ పూటే బెల్లం తురుము, నెయ్యి, కొబ్బరి ముక్కలు కలిపి పచ్చి చలిమిడి చేసేయండి. దేవుడి ముందు పెట్టొచ్చు, పొయ్యి వెలిగించక్కర్లేదు. మేం అదే చేశాం.

అరిసెలు, పూతరేకులు ఆత్రేయపురం నుంచి కొనితెప్పించాం. కొన్న పిండివంట పండగకి పనికిరాదనే మాట నేను ఒప్పుకోను. ఇంట్లో మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు మూకుడు దగ్గర నాలుగు గంటలు నిలబడాల్సిన పని లేదు.

కనుమనాడు మినుము తినాలి కదా. ఆసుపత్రికి గారెలు పట్టుకెళ్తే చల్లారి బండలవుతాయి. దానికి బదులు సున్నుండలు కట్టండి. మినపప్పు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పొడి కొట్టి, బెల్లం కలిపి, వేడి నెయ్యి పోసి ఉండలు చుట్టడమే. అరగంటలో అయిపోతుంది, డబ్బాలో చెదరదు, కాపలా ఉన్నవాళ్ళ ఆకలికీ ఆగుతుంది. రోగికి పెట్టేముందు డాక్టర్ని అడగండి. షుగర్ ఉంటే చిన్న ముక్క నోట్లో పెట్టి శాస్త్రం అయిందనుకోండి.

ఆగకూడని రెండు పనులు

పెద్దలకి పెట్టడం సంక్రాంతి నాడు మధ్యాహ్నంలోపు. మా ఇంట్లో తర్పణాలు వదలాల్సింది మావారు. ఆసుపత్రి డ్యూటీలు రాసుకునేటప్పుడు ముందు ఆయన్ని పొద్దుటి నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో ఉండేలా ఖాయం చేసి, మిగతావాళ్ళని చుట్టూ సర్దాం. మీరూ అలాగే చెయ్యండి, కర్త ఎవరో చూసి కాపలా వెయ్యండి. స్వయంపాకానికి, అంటే పెద్దల పేరు మీద బ్రాహ్మడికి ఇచ్చే వంట సామానుకి, బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ, కూరలు, చింతపండు, ఉప్పు, బెల్లం, నెయ్యి, దక్షిణ ముందురోజు రాత్రే బుట్టలో సర్దేస్తే పొద్దున వెతుకులాట ఉండదు. మామయ్యగారి ఫోటో ముందు పెట్టాల్సిన కొత్తబట్టలు బెంగళూరు పెట్టెలో ఉండిపోయాయి. అంబాజీపేట బజార్లో ఒక పంచెల చాపు కొని పెట్టాం. అత్తయ్యగారి కొత్త చీరకి అంచున పసుపు రాసి దిండు పక్కన పెట్టాం. కట్టుకోలేకపోయినా దాని మీద చెయ్యేసి పడుకున్నారు.

ఇక భోగిపళ్ళు. నా మనవరాలికి రెండేళ్ళు, ముత్తవ్వ చేత్తో పడాల్సిన పళ్ళు. పొద్దున ఆసుపత్రికి వెళ్తూ గుప్పెడు రేగుపళ్ళు కడిగి తుడిచి పట్టుకెళ్ళాను. ఆపరేషన్ అయి ఇంకా పూర్తి రోజు కాలేదు, చేతికి సెలైన్ సూది. రెండో అరచేతిలో పోస్తే వేళ్ళు ముడిచి, పిల్ల పేరు చెప్పి, ఏదో అనుకుని నా జేబురుమాల్లో వదిలారు. ముడేసి తెచ్చాను. సాయంత్రం పిల్లని పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, నానిన శనగలు, చేమంతి రెక్కలు, చిల్లర కలిపి పళ్ళెంలో పెట్టాం. కానీ ముందు ఆ ముడి విప్పి అవే పోశాం. రాలేని పెద్దవాళ్ళు ఎక్కడున్నా ఇలా చెయ్యొచ్చు. వీడియో కాల్ పక్కన ఉండాలి, కానీ చేతి స్పర్శ ఉన్నవి తల మీద పడితే వాళ్ళకీ తృప్తి. ఒక జాగ్రత్త: చిల్లర, రేగుగింజలు పిల్లల నోట్లోకి పోకుండా, పొయ్యడం అవగానే ఒకరు అన్నీ ఏరెయ్యాలి.

అమెరికాలో పిల్లలుంటే వేళ చూసుకోండి. డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మన సాయంత్రం ఐదున్నరకి అక్కడ పొద్దున ఆరు. ఆఫీసుకి, స్కూలుకి ముందు దొరికే వేళ అదే. మన తెల్లవారుజాము భోగిమంట ఐదింటికైతే వాళ్ళకి ముందురోజు సాయంత్రం ఐదున్నర.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మా అత్తయ్యగారు ఏనాడూ తప్పరు. పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, వెదుళ్ళతో కట్టి అలంకరించిన ప్రభల మీద ఒక్కచోట చేరే ఆ తీర్థం 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటమై వెళ్ళింది. ఆ జనంలో ఫోన్ సిగ్నల్ నిలబడదు. అందుకని లైవ్ చూపిస్తామని మాటివ్వకుండా, గంగలకుర్రు అగ్రహారం ప్రభని భుజాల మీద కౌశిక కాలువ దాటించే ఘట్టం వీడియో తీసి రాత్రికి పంపమని మేనల్లుడికి చెప్పాను. రాత్రి మూడుసార్లు వేయించుకుని చూశారు.

ప్లాన్ మారడానికి కారణం చావైతే ఇదేదీ వర్తించదు. మైల ఉన్న ఇంట్లో పండగకి ప్రత్యామ్నాయాలు వెతకొద్దు. మా వైపు ఏటి సూతకం ఉన్నవాళ్ళు మూకుడు పెట్టరు, ఆడపడుచులో ఇరుగుపొరుగో పిండివంటలు తెచ్చి పిల్లలకి పెడతారు. అలాంటి ఇల్లు మీ వీధిలో ఉంటే అడక్కుండానే డబ్బా నింపి పట్టుకెళ్ళండి.

రానివాళ్ళకి ఇంకో రోజు

రాలేకపోయినవాళ్ళని "వచ్చే ఏడు చూద్దాంలే" అని వదలకండి. రథసప్తమికి పిలవండి. అదీ సూర్యుడి పండగే, పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతాం. 2026లో జనవరి 25 ఆదివారం వచ్చింది, మర్నాడు 26 సెలవు. రద్దయిన టికెట్ డబ్బు వెనక్కి రాగానే మరిది ఆ తేదీకే తీసుకున్నాడు, బెర్తులు తేలిగ్గా దొరికాయి. భోగికి దండలు గుచ్చేటప్పుడే కొన్ని పిడకలు రథసప్తమికని విడిగా తీసి, చెమ్మ తగలకుండా అటక మీద పెట్టుకోండి. పట్నంలో అయితే ఆ వేళకి వెతికినా దొరకవు.