రాణి ఈగ కనిపించలేదని కంగారుపడ్డాను

చిత్తూరు దగ్గర మా మామిడితోటలో తేనెటీగల పెట్టె పెట్టిన కొత్తలో, రెండు రోజులకోసారి మూత తీసి రాణి ఈగ కోసం వెతికేవాణ్ణి. కనిపించేది కాదు. ఈగలేమో చిరాకుపడి మీదికి వచ్చేవి. మన నాటు తేనెటీగలను పదేపదే కదిలిస్తే గూడు వదిలి లేచిపోతాయని తర్వాత తెలిసింది.

ఇప్పుడు పది రోజులకోసారి, ఎండ ఎక్కాక, సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని ఫ్రేమును (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాన్ని) పెట్టె మీదే ఎత్తి చూస్తాను. రాణిని వెతకను, అది పెట్టే గుడ్లను వెతుకుతాను. పట్టులోని చిన్న గది అడుగున నూకకన్నా సన్నగా, తెల్లగా గుడ్డు నిలబడి ఉంటే చాలు. గుడ్డు 3 రోజుల్లో పొదుగుతుంది కాబట్టి, ఆలోపు రాణి అక్కడికి వచ్చినట్టే. (కళ్లజోడు లేకుండా అవీ కనిపించలేదు, అది వేరే కథ.) స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాక చీమల బెడద కూడా తగ్గింది.