గ్యాస్ ఓవెన్‌ను ప్రొపేన్, సహజ వాయువుల మధ్య మార్చే ముందు జాగ్రత్తలు

• మీ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన మార్పిడి కిట్ చేతిలో ఉందా? లేకపోతే పని మొదలుపెట్టకండి. ఉన్న జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే చిన్న ముక్క) రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయడం మాత్రం వద్దే వద్దు.

• గ్యాస్ వాల్వు కట్టేయండి, ప్లగ్గు తీసేయండి. ఓవెన్ పూర్తిగా చల్లారాలి.

• అసలు సంగతి జెట్లదే. ఒకే పరిమాణానికి ప్రొపేన్ సహజ వాయువు కంటే సుమారు 2.5 రెట్లు వేడినిస్తుంది, పైగా ఎక్కువ ఒత్తిడితో వస్తుంది. అందుకే దాని జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది. సహజ వాయువు జెట్‌తో ప్రొపేన్ వెలిగిస్తే మంట ఎగసిపడుతుంది, మసి పడుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. జెట్ మీద చెక్కిన అంకె చాలా చిన్నది. టార్చి వేసి చదవండి. పాతవీ కొత్తవీ ఒకే గిన్నెలో కలపకండి, దయచేసి.

• రెగ్యులేటర్‌ను కూడా కొత్త వాయువుకు తగ్గట్టు మార్చాలి. పై బర్నర్లు మార్చి, ఓవెన్ లోపలి బర్నర్‌ను మరిచిపోయేవారు ఎందరో!

• బిగించాక ప్రతి అతుకు మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగ ఉబ్బితే లీకే. అగ్గిపుల్లతో ఎప్పుడూ పరీక్షించకండి. ప్రొపేన్ గాలికంటే బరువు, నేలమట్టాన పేరుకుంటుంది. సహజ వాయువు పైకి లేస్తుంది. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా బయటికి వెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేయండి.

• మంట నిలకడగా, నీలంగా ఉండాలి. పసుపుగా ఊగితే ఆపేసి మెకానిక్‌ను పిలవండి.

• లైసెన్సు ఉన్నవారే చేయాలని నిబంధన ఉన్నచోట పని వారికే అప్పగించండి.