సంతానోత్పత్తికి ఎలుకలను తెచ్చుకునే ముందు జాగ్రత్తలు

పెంపుడు పాములకు ఆహారంగా ఎలుకలను ఇంట్లోనే పెంచదలచినవారు తొలి జతను తెచ్చే ముందు ఈ విషయాలను సరిచూసుకోవాలి.

బయట పట్టిన ఎలుకను తేవద్దు. దాని మూత్రం ద్వారా మనిషికి లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జ్వరం సోకవచ్చు. అది ఎలుకల మందు తిని ఉంటే ఆ విషం పాముకూ చేరుతుంది.

పెంపకందారు దగ్గర కొన్నవైనా సరే, ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. 2017లో అమెరికాలో ఇళ్లలో పెంచి అమ్మిన ఎలుకల ద్వారా సియోల్ వైరస్ పలు రాష్ట్రాల్లో మనుషులకు సోకింది. అది సోకిన ఎలుకల్లో సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. కనుక వ్యాధి పరీక్షలు చేయించేవారు దొరికితే, ధర ఎక్కువైనా వారి వద్దనే కొనడం మేలు.

తుమ్ములు, గురక, ముక్కు చుట్టూ ఎర్రటి స్రావం ఉన్నాయేమో గమనించండి. ఆ ఎరుపు చాలాసార్లు రక్తం కాదు, అస్వస్థతకు గుర్తు. ఇలాంటి శ్వాసకోశ వ్యాధిని కలిగించే మైకోప్లాస్మా అనే బాక్టీరియా ఒకసారి పట్టుకుంటే పూర్తిగా వదలదు, తల్లి నుంచి పిల్లలకూ వస్తుంది.

పాత ఎలుకలు ఇప్పటికే ఉంటే, కొత్తవాటిని కనీసం రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. పక్క పంజరం చాలదు, ఎందుకంటే శ్వాసకోశ వ్యాధులు గాలిలోనూ వ్యాపిస్తాయి.

కరిచే ఎలుకను కొనవద్దు. రోజూ పంజరంలో చేయి పెట్టవలసింది మీరే.

ఆడ, మగ కలిసి ఉన్న పంజరం నుంచి ఇస్తే వయసు అడగండి. అయిదారు వారాలకే చూలు నిలవవచ్చు, 21 నుంచి 23 రోజుల్లో ఈనుతుంది. అంత లేత తల్లికి కాన్పు కష్టం కావచ్చు.