కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో వ్యవసాయ అర్థశాస్త్రం: దరఖాస్తు విధానం

ముందు పేరు దగ్గరే తికమక వస్తుంది. కాలేజీ కోర్సుల జాబితాలో ‘వ్యవసాయ అర్థశాస్త్రం’ అని వెతికితే చాలాచోట్ల డిగ్రీ దొరకదు. ‘అగ్రికల్చర్ బిజినెస్’ అనే రెండేళ్ల ట్రాన్స్‌ఫర్ డిగ్రీ (తర్వాత యూనివర్సిటీకి మారి చదువు కొనసాగించడానికి పనికొచ్చేది) చూడండి. అగ్రికల్చర్ ఎకనామిక్స్ అందులో ఒక సబ్జెక్టు. బాదం తోటలు, డెయిరీలు ఉన్న సెంట్రల్ వ్యాలీలోని మొడెస్టో, మెర్సెడ్, రీడ్లీ కాలేజీలతో మొదలుపెట్టడం మంచిది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, రుసుము లేదు. కమ్యూనిటీ కాలేజీల ఉమ్మడి వెబ్‌సైట్‌లో ఓపెన్‌సీసీసీ ఖాతా తెరిచి, సీసీసీ అప్లై అనే దరఖాస్తు ఫారంలో కాలేజీ, టర్మ్, మేజర్ ఎంచుకోవాలి. ఎఫ్1 (విద్యార్థి) వీసాపై ఇండియా నుంచి వచ్చేవారికి మాత్రం కాలేజీ అంతర్జాతీయ విభాగం ద్వారా వేరే దరఖాస్తు ఉంటుంది.

ఫారంలో నివాసం గురించిన ప్రశ్నలకు తొందరపడి జవాబివ్వకండి. రాష్ట్ర నివాసికి ఫీజు యూనిట్‌కు (క్లాసుల బరువును లెక్కించే క్రెడిట్) 46 డాలర్లు. డిగ్రీకి కావాల్సిన 60 యూనిట్లకు లెక్క వేస్తే 2,760 డాలర్లు. నివాసి కాదని తేలితే అంతకు ఎన్నో రెట్లు కట్టాలి. హెచ్4 వీసాపై (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చేది) ఉన్న మన పిల్లలు చాలామంది తమకు ఆ తక్కువ ఫీజు రాదనే అనుకుంటారు. అది నిజం కాదు. ఏడాదికి పైగా కాలిఫోర్నియాలోనే స్థిరంగా ఉన్నట్టు చూపగలిగితే వాళ్లూ అర్హులు కావచ్చు. కుటుంబం పన్ను రిటర్నులు, అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర పెట్టుకుని అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి. ఎఫ్1 వారికి ఈ అవకాశం లేదు. సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవారు ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం దరఖాస్తు) కూడా నింపాలి.

స్టూడెంట్ ఐడీ వచ్చాక ఓరియెంటేషన్ పూర్తిచేసి, కౌన్సెలర్‌ను కలిసి ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోండి. క్లాసులకు రిజిస్టర్ చేసుకునేది ఆ తర్వాతే.

కౌన్సెలర్ దగ్గరకు వెళ్లేముందు అసిస్ట్ వెబ్‌సైట్ చూడండి. ఈ కాలేజీలో చదివిన ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో లెక్కకు వస్తుందో అందులో ఉంటుంది. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్‌లో వ్యవసాయ అర్థశాస్త్ర విభాగం నడిపే బీఎస్ పేరు ‘మేనేజీరియల్ ఎకనామిక్స్’. దానికి కాల్క్యులస్, స్టాటిస్టిక్స్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్ ముందే పూర్తవ్వాలి. వ్యవసాయ డిగ్రీయే కదా అని లెక్కల్ని వెనక్కి నెడితే ట్రాన్స్‌ఫర్ ఒక ఏడాది ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే గణితం తీసుకోమంటాను.

అర్హత ఉంటే డేవిస్‌కు ట్రాన్స్‌ఫర్ హామీ కోసం సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు ‘ట్యాగ్’ దరఖాస్తు పెట్టాలి. దాంతోనే పని అయిపోదు. అసలు యూసీ అప్లికేషన్ అక్టోబర్ 1 నుంచి తీసుకుంటారు, అది కూడా గడువులోగా పంపాలి.