ఫ్లాండర్స్ రేసు చూడ్డానికి వెళ్తే సైకిలూ తొక్కి రండి

ఏప్రిల్ మొదట్లో బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ సైకిల్ రేసు చూడాలనుకుంటే ఔడెనార్డె ఊళ్లో బస చూసుకోండి. రేసు ఆదివారం. ముందురోజు శనివారం, రేసు సాగే రాళ్లు పరిచిన దారుల్లోనే మనలాంటివాళ్ల కోసం రైడ్ ఉంటుంది, పేరు ముందే నమోదు చేసుకోవాలి. టైర్లు 28 ఎంఎం లేదా అంతకన్నా వెడల్పువైతే నయం, గాలి మామూలుకన్నా కాస్త తక్కువ కొట్టండి. ఆ దారిలో వచ్చే పాటర్‌బర్గ్ గుట్ట ఎక్కుడు పొడవు సుమారు 400 మీటర్లే, కానీ వాలు 20 శాతం దాకా ఉంటుంది, తమాషా కాదు. అక్కడ సీటు మీంచి లేచారో, వెనక చక్రం తడి రాయి మీద జర్రున జారుతుంది. కూర్చునే తొక్కండి, హ్యాండిల్ బార్‌ని బిగపట్టకండి. ఆదివారం మాత్రం ఔడె క్వారెమోంట్ అనే గుట్ట దగ్గర చూడ్డానికి చోటు పట్టండి. మగవాళ్ల రేసు ఆ గుట్టను మూడుసార్లు ఎక్కుతుంది. ఫినిష్ లైన్ దగ్గరైతే కనిపించేది ఒక్కసారే, అదీ జనం తలల సందుల్లోంచి.